ఫర్జ్‌కూ హరామ్‌కూ నడుమ

2018 జనవరిలో హైదరాబాద్‌లోని జామియా నిజామియా ఇచ్చిన ఒక ఫత్వా దేశమంతటా వార్త అయింది. రొయ్యలు తినవచ్చా అన్న ప్రశ్నకు, రొయ్య చేప కాదు గనుక తినరాదని అక్కడి ముఫ్తీ జవాబిచ్చారు. 1876లో మౌలానా అన్వారుల్లా ఫారూఖీ స్థాపించిన ఆ విద్యాలయానికి ఇలాంటి ప్రశ్నలు కొత్త కాదు. పెళ్లి, విడాకులు, ఆస్తి వాటాలు, వడ్డీ, వజూ, వ్యాపారం... ఒక్కో సందేహానికి ఒక్కో కాగితం. వాటిలో రొయ్యల కాగితానికి మాత్రం టీవీల యోగం పట్టింది. రొయ్యల సాగులో దేశానికే మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. రొయ్యల బిర్యానీ వండే హోటళ్లు రెండు రాష్ట్రాల్లోనూ బోలెడు. ఇక చర్చకు కరువేముంది?

ముస్లింలకు రొయ్యలు నిషేధమన్న ధోరణిలో శీర్షికలు వచ్చాయి. నిజానికి ఫత్వా చెప్పింది హరామ్ అని కాదు, మక్రూహ్ తహ్రీమీ అని. అంటే హరామ్‌కు ఒక మెట్టు ఇవతల. మరో సంగతి కూడా ఆ హడావుడిలో మరుగున పడింది. ఆ మాట హనఫీ సంప్రదాయానికి చెందిన ఒక ముఫ్తీ అభిప్రాయం. నీటి జీవుల్లో చేప ఒక్కటే తినదగినదని హనఫీలు అంటారు. అయితే రొయ్య చేపేనా? అరబ్బులు దాన్ని చేపల్లోనే లెక్కవేశారు కాబట్టి తినవచ్చని హనఫీ పండితుల్లోనే చాలామంది అన్నారు. పెంకూ అన్ని కాళ్లూ ఉన్నది చేప ఎలా అవుతుందని మిగతావాళ్ల ప్రశ్న. ఈ పేచీ వందల ఏళ్ల నాటిది.

జామియా నిజామియాకు కొద్ది కిలోమీటర్ల దక్షిణాన బార్కస్ ఉంది. నిజాం సైన్యంలో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి అక్కడ స్థిరపడింది. వాళ్లు షాఫయీ సంప్రదాయం వారు. వాళ్ల ఇళ్లలో రొయ్య గురించి అసలు ప్రశ్నే పుట్టదు, అది హలాల్. ఒకే నగరం, ఒకే ఖురాన్, ఒకే ప్రవక్త. పళ్లెంలోకి వచ్చేసరికి రెండు జవాబులు. రెండూ ఇస్లామే.

మతం పేరిట ఏదైనా ఆజ్ఞ వినగానే సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: చేయాలా, చేయకూడదా? శాస్త్రం అడిగే ప్రశ్నలు అంతకంటే ఎక్కువ. ఏ మెట్టు మీది ఆజ్ఞ? ఏ ఆధారం మీద? ఎవరికి? ఏ పరిస్థితిలో? ఈ ఉపన్యాసం పట్టుకున్న దారం ఇదే. ఇస్లాంలో విధినిషేధాలకు మెట్లు ఉన్నాయి. ఆ మెట్లు మరిచిపోయినచోట ఒకవైపు అనవసరమైన కాఠిన్యం, మరోవైపు అడ్డూఅదుపూ లేని సడలింపు పక్కపక్కనే పెరిగాయి.

ముందు ఆ మెట్లు చూడాలి. తప్పనిసరిగా చేయవలసినది ఫర్జ్. రోజూ అయిదు పూటల నమాజు, రంజాన్ ఉపవాసాలు ఈ కోవలోవి. హనఫీలు దాని కిందే వాజిబ్ అని ఇంకో మెట్టు పెట్టారు. ఆధారం ఫర్జ్ అంత తిరుగులేనిది కాకపోయినా విడిచిపెట్టరానిది అది. విత్ర్ నమాజు, ఈద్ నమాజు, బక్రీద్ ఖుర్బానీ, రంజాన్ పండుగ ముందు ఇచ్చే ఫిత్రా వాళ్ల లెక్కలో వాజిబ్. అదే ఖుర్బానీ షాఫయీల దగ్గర సున్నత్, అంటే ప్రవక్త ఆచరణను అనుసరించి చేసే మంచి పని. ఆ తర్వాత ముస్తహబ్, చేస్తే పుణ్యం, మానితే తప్పు లేదు. అవతలి వైపున మక్రూహ్, మానితే మంచిది. అందులో తేలికదీ తీవ్రమైనదీ అని రెండు రకాలు. అన్నిటికీ చివర హరామ్. వీటన్నిటి మధ్య ముబాహ్ ఉంది. చేసినా మానినా శాస్త్రం పట్టించుకోనిది. మనిషి జీవితంలో ఎక్కువ భాగం ఇక్కడే గడుస్తుంది. ఏ రంగు చొక్కా వేసుకోవాలి, ఏ బస్సెక్కాలి, పప్పులో చింతపండు వేయాలా మామిడికాయ వేయాలా అన్నవన్నీ ముబాహ్. మత చర్చల్లో అన్నిటికంటే తక్కువగా వినిపించే మాటా ఇదే.

ఈ మెట్లు ఖురాన్ తిరగేస్తే పక్కన అంకెలు వేసి కనిపించవు. తెలుగులో చదువుకునేవారికి ఈ సంగతి మరీ ముఖ్యం. చిలుకూరి నారాయణరావు చేసిన అనువాదంతో మొదలై నేటిదాకా తెలుగులో ఖురాన్ అనువాదాలు అనేకం వచ్చాయి. అనువాదంలో ఆజ్ఞ ఆజ్ఞగానే కనిపిస్తుంది. దాని బరువు కనిపించదు. రెండు ఉదాహరణలు చాలు. రెండో అధ్యాయంలోని 282వ వాక్యం ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైనది. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని అది చెబుతుంది. ఆజ్ఞార్థకమే. అయినా ఎక్కువమంది పండితులు దాన్ని సలహాగానే తీసుకున్నారు. అక్షరార్థాన్ని పట్టుకునే స్పెయిన్ పండితుడు ఇబ్న్ హజ్మ్ లాంటివారు మాత్రం రాయడం తప్పనిసరి అన్నారు. బావమరిదికి లక్ష రూపాయలు చేబదులిచ్చి, "మనవాడే కదా, నోటెందుకు" అనుకుని, అయిదేళ్ల తర్వాత మాటలు లేకుండా పోయిన కుటుంబాలను చూస్తే ఇబ్న్ హజ్మ్ వైపే మొగ్గాలనిపిస్తుంది.

రెండోది 62వ అధ్యాయంలోది. శుక్రవారం నమాజుకు పిలుపు వినగానే వ్యాపారం ఆపి రమ్మంటుంది ఒక వాక్యం. నమాజు ముగిశాక భూమిమీదికి వెళ్లి బతుకుతెరువు వెతుక్కోమంటుంది ఆ తర్వాతి వాక్యం. రెండూ ఆజ్ఞలే. మొదటిది ఫర్జ్. రెండోది ఎక్కువమంది దృష్టిలో కేవలం అనుమతి. నమాజు కాగానే దుకాణం తెరవకుండా ఇంటికెళ్లి పడుకున్నవాడిని పాపి అని సాధారణంగా ఎవరూ అనలేదు. ఒకే చోట, ఒకే రకమైన వాక్యాలకు ఇంత తేడా ఎందుకంటే సందర్భం, ప్రవక్త ఆచరణ, అనుచరులు అర్థం చేసుకున్న తీరు, మిగతా వాక్యాలతో పొంతన అన్నీ కలిపి తూచాలి కాబట్టి. ఆ తూచే విద్యే ఫిఖహ్.

తూచినవారి మధ్య తేడాలు రాకుండా ఎలా ఉంటాయి? వజూ సంగతే చూడండి. నమాజుకు ముందు ముఖం, మోచేతుల దాకా చేతులు, చీలమండల దాకా పాదాలు కడుక్కోవాలి, తలను తడి చేత్తో తుడుచుకోవాలి అని అయిదో అధ్యాయంలో ఉంది. తల ఎంత మేర? నాలుగో వంతు తప్పనిసరి అన్నారు హనఫీలు. తల మొత్తం అన్నారు మాలికీలు. కొన్ని వెంట్రుకలు తడిసినా చాలన్నారు షాఫయీలు. ఒకే వాక్యం నుంచి మూడు జవాబులు. మసీదు హౌజు దగ్గర పక్కవాడి వజూ చూసి ముఖం చిట్లించే పెద్దమనిషికి ఈ ముక్క తెలిస్తే ఆ చిట్లింపు సగమైనా తగ్గుతుంది.

ఈ సంప్రదాయాలకు పేర్లిచ్చిన పెద్దలకు తమ మాటే వేదమన్న భ్రమ లేదు. కూఫాలో పట్టుబట్టల వ్యాపారం చేసిన అబూ హనీఫా (మరణం 767) శిష్యులతో వాదించి వాదించి నిర్ణయానికి వచ్చేవారు. ఆయన ముఖ్య శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ ఎన్నో విషయాల్లో గురువుతో విభేదించారు. ఆ విభేదాలన్నీ హనఫీ గ్రంథాల్లో భద్రంగా ఉన్నాయి. మదీనాకు చెందిన ఇమాం మాలిక్ (మరణం 795) గ్రంథాన్ని సామ్రాజ్యమంతటికీ చట్టం చేస్తానని ఖలీఫా ముందుకొస్తే ఆయన వద్దన్నారని చరిత్రకారులు రాశారు. ఇమాం షాఫయీ (మరణం 820) బాగ్దాద్ నుంచి ఈజిప్టు వెళ్లాక తన అభిప్రాయాలు చాలా మార్చుకున్నారు. ఆయన పాత మాట, కొత్త మాట అని విడదీసి చెప్పడం ఆ సంప్రదాయంలో నేటికీ ఉంది. ఊరు మారితే మాట మార్చుకునే వెసులుబాటు ఇమాముకు ఉన్నప్పుడు ఊళ్లో మౌల్వీకి ఎందుకు ఉండకూడదో అర్థం కాదు.

ప్రవక్త కాలంలోనే ఇలాంటి ఘట్టం ఒకటి జరిగింది. ప్రయాణంలో ఉన్న ఇద్దరికి నమాజు వేళకు నీళ్లు దొరకలేదు. నీళ్లు లేనప్పుడు శుభ్రమైన మట్టితో చేసే తయమ్ముమ్ చేసి నమాజు ముగించారు. కాసేపటికి నీళ్లు దొరికాయి, నమాజు వేళ ఇంకా మిగిలే ఉంది. ఒకరు వజూ చేసి మళ్లీ నమాజు చేశారు. రెండోవారు చేయలేదు. తిరిగి వచ్చి ప్రవక్తకు చెబితే ఆయన ఇద్దరినీ సమర్థించారు. మళ్లీ చేయనివాడు పద్ధతి ప్రకారమే నడిచాడన్నారు, చేసినవాడికి రెండింతల పుణ్యమన్నారు. ఎవరినీ తప్పుపట్టలేదు.

ప్రయాణంలో నమాజే కురచ అవుతుంది. నాలుగు రకాతులు, అంటే నాలుగు ఆవృత్తులు ఉన్న నమాజులు రెండవుతాయి. తెల్లవారుజాము నమాజు ఫజ్ర్ రెండు, సూర్యాస్తమయ నమాజు మగ్రిబ్ మూడు అలాగే ఉంటాయి. దీన్ని ఖస్ర్ అంటారు. ఎంత దూరం వెళితే? భారతదేశంలో హనఫీ ముఫ్తీలు సుమారు 78 కిలోమీటర్లని లెక్క చెబుతారు. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు సరుకు కోసం వచ్చిన వ్యాపారికి ఇది వర్తిస్తుంది. అక్కడ 15 రోజులు, ఆపైన ఉండాలని నిశ్చయించుకుంటే మళ్లీ పూర్తి నమాజే. షాఫయీలకు ఆ గడువు నాలుగు రోజులే. ఇంకో విచిత్రం ఉంది. షాఫయీలకు ఈ కుదింపు ఒక సౌకర్యం; కావాలంటే పూర్తిగా చేసుకోవచ్చు. హనఫీలకు కుదించడమే విధి, సొంతంగా నమాజు చేసుకునే ప్రయాణికుడు భక్తి ఎక్కువై నాలుగూ చేయకూడదు. ఇచ్చిన సడలింపును కాదనడం కూడా తప్పే అవుతుందన్నమాట.

మరి సూర్యుడే సరిగా అస్తమించని చోట? ఉత్తర స్వీడన్‌లోనో నార్వేలోనో ఉద్యోగం చేసే వారికి ఇది పుస్తకాల ప్రశ్న కాదు. దీనికి ఒక స్పష్టమైన సూచన చేసినవారిలో హైదరాబాదీ ఉన్నారు. 1908లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, పారిస్‌లో దశాబ్దాలు గడిపి, ఖురాన్‌ను ఫ్రెంచిలోకి అనువదించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా, 45 డిగ్రీల అక్షాంశం దాటినవారు ఆ రేఖ దగ్గరి వేళల ప్రకారం నమాజు, ఉపవాసం పాటించవచ్చన్నారు. అందరూ ఒప్పుకోలేదు. 18 గంటలైనా స్థానిక సూర్యుడినే అనుసరించాలని కొందరు, మక్కా వేళలు పాటించాలని కొందరు అన్నారు. అయినా ఒక విద్వాంసుడు భూగోళం పటం ముందేసుకుని దైనందిన విధి గురించి ఆలోచించిన తీరు తలుచుకోదగ్గది.

కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా మొదటి స్పందన తరచుగా భయమే. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి కాఫీ మీద కత్తిగట్టాడు. రాత్రిపూట జనం గుంపుగా చేరి తాగుతున్నారని పండితులను, వైద్యులను కూర్చోబెట్టి దాన్ని నిషేధింపజేశాడు. ఆ నిషేధం ఎక్కువ కాలం నిలవలేదు. కైరోలోని ప్రభుత్వం దాన్ని సడలించింది. కాఫీ ముబాహ్ మెట్టు మీదికి చేరి అక్కడే స్థిరపడింది. లౌడ్‌స్పీకర్‌లో నమాజు చదివించవచ్చా అని 20వ శతాబ్దంలో మన దేశపు ఉలమాలు, అంటే ధర్మపండితులు తర్జనభర్జన పడ్డారు. ఇవాళ లౌడ్‌స్పీకర్ లేని మసీదు కోసం వెతకాలి. ఫొటో విషయంలో వాదం ఇంకా పూర్తిగా చల్లారలేదు గానీ పాస్‌పోర్టు ఫొటో లేకుండా హజ్‌కు వెళ్లే దారి లేదు.

వీటికంటే బరువైన కథ వేరే ఉంది. దాని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

భర్త ఎటో వెళ్లిపోయాడు. బతికున్నాడో లేదో తెలియదు. భార్య ఎన్నాళ్లు ఎదురుచూడాలి? హనఫీ గ్రంథాల్లో ప్రసిద్ధమైన లెక్క ప్రకారం అతడి ఈడువాళ్లంతా పోయేదాకా. కొందరు అతడు పుట్టి 90 ఏళ్లు నిండేదాకా అన్నారు. అంటే ఇరవై ఏళ్ల అమ్మాయి ముసలిదయ్యేదాకా. పోషించని భర్త నుంచి విడిపోవడానికీ ఆ సంప్రదాయంలో దారి చాలా ఇరుకు. బ్రిటిష్ కాలంలో మన దేశంలోని కోర్టులు ఎక్కువగా హనఫీ నియమాలనే వర్తింపజేసేవి. దాంతో పంజాబులో కొందరు మహిళలు ఒక భయంకరమైన దారి కనిపెట్టారు. మతం వదిలేస్తే పెళ్లి రద్దవుతుందని కోర్టులు ఒప్పుకుంటున్నాయి కాబట్టి, వివాహం నుంచి బయటపడటానికి మతమే వదిలారు. కవి ఇక్బాల్ ఇస్లామీ చింతన పునర్నిర్మాణం మీద చేసిన ఉపన్యాసాల్లో ఈ దుస్థితిని ఎత్తిచూపారు.

కదిలింది ఎవరు? సంస్కరణవాది అని ఎవరూ అనని వ్యక్తి. స్త్రీల కోసం బహిష్తీ జేవర్ రాసిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ. ఇంట్లో ఆడవాళ్లు ఎలా నడుచుకోవాలో ఆ పుస్తకంలో ఆయన చెప్పిన చాలా మాటలు నేటి పాఠకురాలికి మింగుడుపడవు. అలాంటి ఆయనే 1930ల ఆరంభంలో మదీనాలోని మాలికీ పండితులకు లేఖలు రాసి, వారి జవాబులు తెప్పించి, మన దేశంలోని హనఫీ స్త్రీలకు మాలికీ నియమాలు వర్తింపజేయవచ్చని ఒక గ్రంథమే వెలువరించారు. మాలికీల ప్రకారం నాలుగేళ్ల ఎదురుచూపు చాలు. జనం కష్టంలో ఉన్నప్పుడు మరో సంప్రదాయం తలుపు తట్టడం హనఫీ శాస్త్రమే అనుమతించిన పని. ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టారు. అదే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం. భర్త ఆచూకీ నాలుగేళ్లు తెలియకపోతే, రెండేళ్లు పోషించకపోతే, ఏడేళ్లు లేదా అంతకు మించి జైలుశిక్ష పడితే, క్రూరంగా హింసిస్తే భార్య కోర్టుకు వెళ్లి విడాకులు పొందవచ్చు. మతం వదిలినంత మాత్రాన పెళ్లి రద్దు కాదనీ అందులోనే రాశారు. ఈ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఇస్లాంలో ఏదీ మారదని వాదించే రెండు పక్షాలూ, అంటే గర్వంగా అనేవారూ ఎగతాళిగా అనేవారూ, ఈ చట్టం పుట్టుక చదివితే బాగుంటుంది.

మూడు తలాక్‌ల విషయంలో ఆ చొరవ కనిపించలేదు. ఒకేసారి మూడుసార్లు తలాక్ చెప్పడం పాపమని హనఫీ శాస్త్రమే అంటుంది, అయినా విడాకులు చెల్లుతాయని కూడా అంటుంది. ఖురాన్, హదీసులను నేరుగా అనుసరించే అహ్లె హదీస్ వారు దాన్ని ఒక్క తలాక్‌గానే లెక్కిస్తారు. ఈజిప్టు 1929లోనే చట్టం చేసి ఒక్కటిగా పరిగణించింది. థానవీ తట్టినట్టే పక్కింటి తలుపు తట్టే అవకాశం మన ఉలమాలకు దశాబ్దాల పాటు ఉంది. తట్టలేదు. చివరికి 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో ఆ పద్ధతిని కొట్టేసింది. 2019లో పార్లమెంటు దాన్ని నేరం చేసింది. భర్తను జైలుకు పంపే ఆ చట్టం మంచిచెడ్డల మీద వాదనలు ఉండవచ్చు. లోపలి నుంచి రావలసిన మార్పు రానందువల్లే బయటి నుంచి వచ్చిందన్నది మాత్రం కాదనలేని నిజం.

ఇక ఆచారం విధి పీటమీద కూర్చున్న సంగతి. మహర్ ఖురాన్ చెప్పిన విధి. భర్త భార్యకు ఇవ్వవలసిన ఆమె సొంత సొమ్ము. వరకట్నం ఏ మెట్టు మీదా లేదు. అయినా హైదరాబాద్‌లో పెళ్లిచూపుల ఇంట మొదట వినబడేది జహేజ్, జోడే కీ రఖమ్ అనే కట్నకానుకల మాటే. అవి రొక్కం, మహర్ మాత్రం నికాహ్ కాగితం మీద అంకె. ఎన్నో ఇళ్లలో అది భర్త చనిపోయిన రోజున మాఫీ చేయమని భార్యను అడిగేదాకా గుర్తుకురాదు. మిగతా తెలుగు సమాజానికి ఈ జబ్బు తెలియనిదేం కాదు గనుక ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపనక్కర్లేదు. కాకపోతే గడ్డం పొడవు మీద గంటసేపు చర్చించే చోట కట్నం తీసుకున్న వరుడి నికాహ్ చదవనని నిలబడ్డ ఖాజీ ఎంత అరుదో ఆలోచించాలి.

వాటాలదీ అదే దారి. కూతురికి కొడుకు వాటాలో సగం, పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు అని నాలుగో అధ్యాయం లెక్క కట్టి చెబుతుంది. ఆ సగం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ఆ సగమైనా చేతికి వస్తోందా అన్నది ముందు ప్రశ్న. 1937 షరియత్ చట్టం సాగుభూమిని వదిలేసింది. మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ తెచ్చి భూమినీ చేర్చింది. ఆంధ్ర ప్రాంతం అప్పుడు ఆ రాష్ట్రంలోదే. చట్టంలో హక్కు ఉంది, ఖురాన్‌లో ఉంది. ఊళ్లో మాత్రం అక్కచెల్లెళ్లు "అన్నయ్య సంతోషమే మాకు చాలు" అని సంతకం పెట్టేస్తారు, పుట్టింటి తలుపు మూసుకుపోతుందన్న భయంతో. ఈ ఒక్క ఫర్జ్‌ను తప్పించుకోవడానికి మగవాళ్లకు ఏ ఫత్వా అవసరం పడలేదు.

ఇంట్లో బంగారం ఉంటే జకాత్ లెక్క మొదలవుతుంది. ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాముల బంగారం ఏడాది పాటు ఉంటే రెండున్నర శాతం పేదలకు చెల్లించాలి. ఒంటిమీద పెట్టుకునే నగకు కూడానా? హనఫీలు అవునంటారు. మిగతా సంప్రదాయాలవారు సాధారణంగా అక్కర్లేదంటారు. పంట మీద లెక్క ఇంకా ముచ్చటైనది. వానకు పండితే పదో వంతు, నీళ్లు తోడి పోస్తే ఇరవయ్యో వంతు. రైతు పడ్డ కష్టానికి సగం తగ్గింపు.

ఫత్వా అంటే తీర్పు కాదన్న సంగతి కూడా గట్టిగా చెప్పుకోవాలి. అడిగినవాడికి ముఫ్తీ చెప్పే అభిప్రాయం అది. ఫత్వాకు చట్టబలం లేదని, దాన్ని ఎవరి మీదా రుద్దరాదని 2014 జూలైలో సుప్రీంకోర్టు విశ్వలోచన్ మదన్ కేసులో స్పష్టం చేసింది. ముఫ్తీలకు ఇది కొత్త విషయం కాదు. వారి శాస్త్రం మొదటినుంచీ ఫత్వానూ ఖాజీ తీర్పునూ వేరుగానే చూసింది. కొత్తగా తెలియవలసింది టీవీ స్టూడియోలకే.

చివరిగా రోజా, అంటే ఉపవాసం. మెట్లు తెలియకపోతే ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే.

దాని సంగతికి ముందు ఒక పాత కథ. అబూ దావూద్ హదీసు సంకలనంలో, అంటే ప్రవక్త మాటల, చేతల సంకలనంలో ఒక ఘట్టం ఉంది. ప్రయాణంలో ఒకతనికి రాయి తగిలి తల పగిలింది. ఆ రాత్రి అతనికి స్నానం తప్పనిసరి అయ్యే పరిస్థితి వచ్చింది. తయమ్ముమ్ సరిపోతుందా అని తోటివారిని అడిగాడు. నీళ్లు దగ్గరుండగా కుదరదన్నారు. స్నానం చేశాడు, చనిపోయాడు. విన్న ప్రవక్త కోపంతో, అతన్ని చంపింది ఆ జవాబు చెప్పినవారేనన్నారు. తెలియనప్పుడు అడగాలి కదా అని మందలించారు.

ఉపవాసాన్ని విధించిన చోటే ఖురాన్ రోగులకు, ప్రయాణికులకు మినహాయింపు ఇచ్చింది. తర్వాత ఆ రోజులు పూర్తిచేసుకోవాలి. కోలుకునే ఆశ లేనివారు రోజుకొక పేదకు అన్నం పెట్టి ఫిద్యా చెల్లించవచ్చు. మరి జనం ఈ మినహాయింపు వాడుకుంటున్నారా? 13 దేశాల్లో 12,243 మంది షుగర్ రోగులను పరిశీలించిన ఎపిడయార్ అధ్యయనం 2001 రంజాన్ వివరాలు సేకరించింది. టైప్ 2 రోగుల్లో దాదాపు 79 శాతం, ఇన్సులిన్ లేనిదే బతకని టైప్ 1 వారిలోనే సుమారు 43 శాతం కనీసం 15 రోజులు ఉపవాసం ఉన్నారని తేలింది. భక్తికి దండం పెట్టవలసిందే. కానీ తల పగిలినవాడి కథ వీళ్లకు ఎవరైనా చెప్పారా?

చెప్పడానికి ముఫ్తీ ఒక్కరే చాలరు. కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరే విధులను ఫర్జె కిఫాయా అంటారు. చనిపోయినవారి కోసం చేసే జనాజా నమాజు అలాంటిది. వైద్యం నేర్వడం కూడా అలాంటి విధేనని 1111లో చనిపోయిన గజాలీ రాశారు. పదవుల కోసం అందరూ ధర్మశాస్త్రం వెంట పడుతున్నారని, ఊళ్లో వైద్యం నేర్చిన ముస్లింలు లేకుండా పోతున్నారని ఆయన చిరాకుపడ్డారు కూడా. తొమ్మిది వందల ఏళ్ల నాటి ఆ చిరాకు ఇప్పటికీ పనికొస్తుంది.

అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య, డయాబెటిస్ అండ్ రమదాన్ కూటమి కలిసి ధర్మవేత్తల సమ్మతితో 2016లో మార్గదర్శకాలు తెచ్చి, 2021లో సవరించాయి. రోగులను ప్రమాద స్థాయిని బట్టి వర్గాలు చేసి, ఎవరు ఉపవాసం ఉండకూడదో వాటిలో చెప్పారు. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను కలవాలి. వేలు గుచ్చి రక్తపరీక్ష చేసుకుంటే రోజా పోదు. ఇన్సులిన్ సూదితోనూ పోదని ఎక్కువమంది ముఫ్తీల మాట. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోని మసీదు కమిటీలు రజబ్ నెలలోనే ఒక జుమా రోజు ముఫ్తీనీ షుగర్ డాక్టర్‌నీ పక్కపక్కన కూర్చోబెట్టి ఈ నాలుగు ముక్కలు చెప్పించాలి. ఉర్దూతో పాటు తెలుగులోనూ చెప్పించాలి. దూదేకుల వారి ఇళ్లతో సహా ఎన్నో ముస్లిం ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగే.